చౌడమ్మ కాచిన గ్రీన్ టీ

ఫార్మసీ చదివి కొత్తగా ప్రభుత్వాసుపత్రుల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ హిందూపురంలోని మా ఇంటికి వస్తుంటారు. మా చెల్లెలి కూతురు కూడా ఇప్పుడు ఆ ఉద్యోగంలోనే ఉంది, వీళ్లంతా దాని స్నేహితులు. "మేడం, ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పండి" అంటారు. స్టాకు ఎట్లా చూసుకోవాలో, కావాల్సిన మందులకు ఇండెంట్లు ఎట్లా పెట్టాలో, ఆడిట్ వాళ్లతో ఎట్లా మాట్లాడాలో మాత్రం నన్నడగొద్దు. అవి నాలుగు నెలల్లో వాటంతటవే వస్తాయి, రాకపోతే తిట్టి నేర్పించేవాళ్లు దండిగా ఉన్నారు. నేను చెప్పగలిగింది మందులిచ్చే కిటికీ గురించి. నా ఉద్యోగమంతా ఆ కిటికీ వెనకాలే గడిచింది. మొదట హిందూపురం, తర్వాత పెనుకొండ, చివరికి ధర్మవరం. నాకు కోపం ఎక్కువని మూడు ఊళ్లలోనూ పేరుంది. ఆ పేరు అబద్ధమేమీ కాదు.

మల్లప్ప సార్

నేను చేరినప్పుడు హిందూపురంలో మా సీనియర్ మల్లప్ప సార్. మడకశిర వైపు మనిషి. ఒక మాట తెలుగు, ఒక మాట కన్నడం కలిపి మాట్లాడేవారు. కిటికీ ముందు జనం తిరునాళ్లలా ఉన్నా ఆయనకు తొందరుండేది కాదు. నాకేమో అన్నిటికీ తొందరే. మందు చేతిలో పెట్టి, "పొద్దునొకటి, రాత్రొకటి, అర్థమయిందా?" అనడం, "ఊ" అనగానే తర్వాతి చీటీ అందుకోవడం.

ఒకరోజు లేపాక్షి దగ్గరి పల్లె నుంచి ఒకామె విరేచనాలవుతున్న బిడ్డను చంకనేసుకుని వచ్చింది. నీళ్లలో కలిపి తాపే పొడి ప్యాకెట్లు ఇచ్చాను. ఎన్ని నీళ్లు, ఎంతసేపటికొకసారి, అన్నీ గడగడా చెప్పేశాను. అర్థమయిందా అంటే అయిందంది. వెనక నుంచి మల్లప్ప సార్ లేచొచ్చి ఆమెను ఆపారు.

"ఏమ్మా, ఇంటికి పోయి ఏం చేస్తావో ఈడ నాకు చేసి చూపించు."

ఆమె సిగ్గుపడుతూనే ప్యాకెట్ చింపినట్టు చేసింది. పొడి అరచేతిలో పోసుకున్నట్టు చేసింది. వేలితో అద్ది బిడ్డ నాలుక మీద రాసింది. నీళ్ల ఊసే లేదు.

"తేనె నాకించినట్ల కదా సార్?" అంది.

సార్ నవ్వలేదు, నన్నేమీ అనలేదు. ఒక చెంబు నీళ్లు తెప్పించి ఆమె చేతనే కలిపించారు. ఆమె వెళ్లాక మాత్రం నాతో అన్నారు: "అర్థమయిందా అంటే కాలేదని చెప్పేవాళ్లు యాడా ఉండరు పాపా. చేసి చూపించమను. మాత్ర కడుపులో పడేదాకా మందు మనదే, బాధ్యతా మనదే."

"ఇంతమందితో చేయించి చూసేదెప్పుడు సార్?" అన్నాను ఉక్రోషంగా.

"అందరితో వద్దు. ఎవురితో చేయించల్నో నీకే తెలుస్తాది, గమ్మునుండు" అన్నారు. అప్పట్లో నాకు ఒళ్లు మండింది. ఇప్పుడాయన లేరు. తలుచుకుంటే కళ్లు చెమరుస్తాయి.

పెనుకొండ కండక్టరు

నేను పెనుకొండకు మారే నాటికి అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. ఫోన్ల వెంబడే గ్రీన్ టీ వచ్చింది. అంతకుముందు మా వైపు టీ అంటే పాలూ చక్కెరా పోటీపడి పోసే టీనే. ఆకు నీళ్లు తాగేవాళ్లను చూస్తే జ్వరమొచ్చిందా అని అడిగేవాళ్లం. అట్లాంటిది కోట కొండ వైపు పొద్దున్నే నడిచేవాళ్లంతా ఒక్కసారిగా గ్రీన్ టీ మనుషులైపోయారు.

వాళ్లలో గంగాధరప్ప అని ఒకాయన, బస్సు కండక్టరుగా చేసి రిటైరైనాయన. ప్రతి నెలా షుగరు మాత్రలకు వచ్చేవాడు. ఒక నెల వచ్చి ఊరికే కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"మాత్రలు ఇంగ వద్దు మేడం. గ్రీన్ టీ తాగుతాండా. సుగరు దానంతటదే దిగిపోతాదంట."

"ఎవరు చెప్పినారప్పా?"

"ఫోన్లో వచ్చింది. డాక్టరే మేడం, తెల్లకోటు ఏసుకోనుండాడు."

"తెల్లకోటు నేనూ ఏసుకున్నా కదప్పా! ఎదురుగా ఉన్న నా మాట వినవు, ఫోన్లో ఉన్నాయన మాట వింటావా? సరే, ఆ టీ ఎట్లా కాస్తావో చెప్పు."

"ఎట్లేముండాది? పాలు కాంచి దాంట్లో ఆకేస్తాను. చక్కెర వద్దన్నారు కదా, అందుకని బెల్లం ఏసుకుంటాండా."

లైనంతా గొల్లున నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు, అందరి ముందూ దులిపేశాను. పరీక్ష చేయిస్తే షుగరు ఆకాశంలో ఉంది. పాపం, మళ్లీ మాత్రలు మొదలుపెట్టాడు. తర్వాత నేను కనబడినప్పుడల్లా, "బెల్లం మానేసినా మేడం, ఇప్పుడది వేపాకు కడిగిన నీళ్లున్నట్లుండాది, మీకు తృప్తేనా?" అని దెప్పేవాడు. ఆయనంటే నాకు చాలా ఇష్టం. తిట్టించుకుని కూడా నా కిటికీకే వచ్చేవాడు.

గ్రీన్ టీ మంచిదేనా?

ఈ ప్రశ్న అడగని మనిషి లేడు, మిమ్మల్నీ అడుగుతారు. కాబట్టి నా మాట చెప్తాను.

మంచిదే. పాలూ చక్కెరా దండిగా పోసిన టీలు పొద్దున్నుంచి పడుకునేదాకా తాగే మనిషి, వాటి బదులు ఒకటి రెండు కప్పులు గ్రీన్ టీ తాగితే చక్కెర తగ్గుతుంది. నా లెక్కలో అన్నిటికంటే పెద్ద లాభం అదే. ఆ ఆకులో ఒంటికి మేలు చేసే గుణాలున్నాయని, గుండెకు కొంత మంచిదని చదువుకున్నవాళ్లు చెప్తారు, నేను కాదనను. మనసు కొంచెం చురుగ్గా ఉంటుంది. అయితే అది మందు కాదు. షుగరు మాత్ర బదులు, బీపీ మాత్ర బదులు పనిచెయ్యదు. పొట్ట కరిగిపోతుందని ఆశపడొద్దు. పరగడుపున గట్టిగా తాగితే కొందరికి కడుపులో మంట, సాయంత్రం దాటాక తాగితే నిద్ర పట్టదు. దాని సారం తీసి గుళికలుగా అమ్మేవాటి జోలికి పోవద్దు, కాలేయం చెడిన వాళ్లున్నారు. రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవాళ్లు డాక్టర్నడక్కుండా మొదలుపెట్టొద్దు.

ఇంకొకటుంది. అది నేను పుస్తకంలో చదివిందే. కానీ కళ్లారా చూసింది మాత్రం ధర్మవరంలోనే.

హేమ

ధర్మవరంలో మా కిటికీకి వచ్చేవాళ్లలో సగం మంది పట్టుచీరలు నేసే ఇళ్లవాళ్లు. మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పులు, కళ్ల మంటలు. ఓపిక చాలా ఎక్కువ వాళ్లకు. నా కోపాన్ని కూడా నవ్వుతూ భరించేవాళ్లు.

హేమ అట్లాంటి ఇంటి కోడలు. పుట్టిల్లు బుక్కపట్నం, నాన్న అక్కడి చెరువులో చేపలు పట్టేవాడు. తల్లి చిన్నప్పుడే పోయింది. మొదటి కాన్పుకు పుట్టింటికి పంపడం ఆనవాయితీ, అక్కడ చూసుకునే ఆడదిక్కు లేదు. "నా కోడలికి నేనే అమ్మను, యాడికీ పంపను" అని అత్త చౌడమ్మే తన దగ్గర ఉంచుకుంది. ప్రతి నెలా కోడలి చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి తీసుకొచ్చేది. ఆమెకు ఎండ తగలకుండా తన కొంగు పట్టేది. అట్లాంటి అత్తలు కూడా ఉంటారని మీకు చెప్పాలి.

కష్టమేమిటంటే ఆ పిల్లకు రక్తం తక్కువ. నెలనెలా రక్తం మాత్రలు ఇస్తున్నాను, తీసుకెళ్తోంది. పరీక్ష చేస్తే పెరగకపోగా ఇంకా తగ్గింది. నాన్న వారానికోసారి చేపలు తెచ్చిస్తున్నాడు, ఇంట్లో తిండికి లోటు లేదు. ఆ నెల డాక్టరమ్మకు భయమేసింది. భయంతోనే గట్టిగా అరిచింది.

"మాత్రలు పారేస్తున్నావు కదూ? వచ్చే నెలకు రక్తం పెరగకపోతే నిన్ను అనంతపురం పంపాలి. అక్కడ రక్తమెక్కించాలి. ఇట్లాగే కాన్పుకొస్తే, కాస్త రక్తం పోయినా నువ్వు తట్టుకోలేవు, తెలుసా?"

బయటికి రాగానే మొగుడు నాగరాజు పట్టుకున్నాడు. మంచివాడే, ప్రాణం మీదికొచ్చిందని బెదిరిపోయాడు.

"నిజం చెప్పు హేమా, మాత్రలు యాడ పారేస్తాండావు?"

"పారేయలేదయ్యా. దేవునిమీదొట్టు, రోజూ మింగుతాండా."

"మింగితే రక్తం యాడికి పోతాది?"

ఆ పిల్ల చీటీ పట్టుకుని నా కిటికీ దగ్గరికొచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. చౌడమ్మ దూరంగా బల్ల మీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చుట్టుపక్కలవాళ్లు ఏమనుకుంటారో ఆమెకు తెలుసు. తల్లిలేని పిల్లను అత్త కడుపు ఎండబెట్టిందనే అంటారు.

ఊదింది

"రక్తం మాత్ర ఎట్లా వేసుకుంటున్నావు?" అనడిగాను.

"అన్నం తిన్నాక నీళ్లతో మేడం." ఆశా కార్యకర్త అడిగినా, నర్సు అడిగినా, డాక్టరు అడిగినా ఇదే జవాబు. బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పింది.

నాకెందుకో మల్లప్ప సార్ గుర్తొచ్చారు. "చెప్పొద్దు. నిన్న ఎట్లా వేసుకున్నావో నాకు చేసి చూపించు" అన్నాను.

వెనక జనం గొణుగుతున్నారు. "గమ్మునుండండప్పా!" అని ఒక కేక పెట్టాను. హేమ చీటీ కింద పెట్టింది. ఎడమ చేతిలో మాత్ర ఉన్నట్టు పట్టుకుంది. కుడిచేత్తో లేని గ్లాసును అంచు దగ్గర వేలి కొనలతో పట్టుకుంది. నోటి దగ్గరికి తెచ్చుకుని, ఉఫ్ ఉఫ్ మని ఊదింది. తర్వాత మాత్ర నోట్లో వేసుకున్నట్టు చేసి గుక్క మింగింది.

"ఆగమ్మా, నీళ్లను ఎవరైనా ఊదుకుంటారా?"

బిత్తరపోయి నా మొహంలోకి చూసింది. చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

"అది... నీళ్లతో ఏసుకుంటే వాంతికి వస్తాది మేడం. అందుకే టీతో. మామూలు టీ కాదు, గ్రీన్ టీ. రక్తానికి మంచిదని మా అత్త నాకోసరమే తెప్పించింది. తనే కాంచి ఇస్తాది, నేను మింగేదాకా పక్కనే నిలబడుకోనుంటాది."

మీకు తెలిసిందే, టీలోని వగరు రక్తం మాత్రలోని ఇనుమును పట్టేసుకుంటుంది, ఒంటికి సరిగా అందనివ్వదు. పాలటీ అయినా అంతే, గ్రీన్ టీ అయినా అంతే.  విషయం చెప్పగానే హేమ నోట వచ్చిన మొదటి మాట ఇది:

"మేడం, మీ కాళ్లు మొక్కుతాను, ఇక్కడ అందరి ముందర మా అత్తకు చెప్పొద్దండి. తట్టుకోలేదు ఆమె."

తన ప్రాణం మీదికొచ్చిన పిల్ల అన్న మాట అది. ముందు డాక్టరమ్మకు చెప్పాను. "అయ్యో, ఆ పిల్లను ఊరికే అరిచాను కదా" అందామె. సాయంత్రం డ్యూటీ దిగాక నేను చౌడమ్మ ఇంటికి పోయాను.

మగ్గం ఇంట్లో

నేత ఇళ్లలో గడియారాన్ని ఎవరూ చూడరు. మగ్గం కింది గుంతలోకి కాళ్లు పెట్టి కూర్చుంటే, లేచేది టీకే. మొదటి టీ, రెండో టీ, మాపటి టీ, రోజంతా వాటి మీదే నడుస్తుంది. డాక్టరు "రెండు పూటలా" అంటే, ఆ ఇంట్లో అది మొదటి టీకీ, మాపటి టీకీ అయి కూర్చుంది. మాత్రలు మర్చిపోకుండా చౌడమ్మ వాటిని టీపొడి డబ్బా పక్కనే పెట్టుకుంది. ఎంత జాగ్రత్త గల మనిషో చూడండి. ఆ జాగ్రత్తే పిల్ల ప్రాణం మీదికి తెచ్చింది.

నన్ను చూడగానే చాప వేసింది. "కూచోండి మేడం, టీ పెడతా" అని పొయ్యి వైపు తిరిగింది.

"వద్దక్కా. నువ్వే వచ్చి నా పక్కన కూర్చో."

ఎంత మెత్తగా చెప్పినా చెప్పాల్సింది అదే కదా. మంచి వస్తువే తెచ్చావు, మాత్రతో కలిపి ఇవ్వడంతోనే వచ్చింది చిక్కు, అన్నాను. చౌడమ్మ తన కుడిచేతిని తిప్పి చూసుకుంది.

"ఈ చేత్తోనే పోసినా మేడం. రక్తం శుద్ధి చేస్తాదని ఫోన్లో చెప్తే, రక్తానికి బాగ పనిచేస్తాదేమోనని ఆకు ఇంకా దండిగా ఏసి కాంచినా. రక్తం తగ్గిందన్నప్పుడల్లా ఇంకో గ్లాసు ఎక్కువ తాపినా. అయ్యో నా తల్లీ, నేనేం చేసినానే నిన్ను!"

తల బాదుకోబోయింది. హేమ వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "నీకేం తెలుసత్తా, నాకు మాత్రం తెలుసునా? ఊరుకో" అంటూ తనూ ఏడ్చింది. నా కోపం ఎక్కడికి పోయిందో నాకే తెలియదు. వాళ్లిద్దరితో పాటు నేనూ కళ్లు తుడుచుకున్నాను.

మగ్గం చప్పుడు ఆగింది. నాగరాజు గుంతలోంచి లేచొచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అంతా విన్నట్టున్నాడు.

"అయితే నువ్వు పారేయలేదా?" అన్నాడు పెళ్లాంతో.

"చెప్తానే ఉండా కదా, ఒకరన్నా నమ్మితిరా?"

అతను తల వంచుకున్నాడు. 

ఇక మాత్ర ఎప్పుడు వేయాలన్నది తేల్చాలి. టీకి ముందూ వెనకా రెండు గంటలు ఎడం ఉండాలి అన్నాను. గంటలంటే ఆ ఇంట్లో కుదరదు. చౌడమ్మే ఆలోచించి చెప్పింది. పట్టు మీద దుమ్ము పడకుండా మగ్గం మీద గుడ్డ కప్పుతారు. పొద్దున పని మొదలుపెట్టేముందు ఆ గుడ్డ తీస్తారు, మాపటికి పని ముగించి కప్పుతారు. "గుడ్డ తీసేటప్పుడొకటి, కప్పేటప్పుడొకటి. గుడ్డ తీసిన చానాసేపటికి గానీ మొదటి టీ ఉండదు, మాపటి టీ అయిన చానాసేపటికి గానీ గుడ్డ కప్పం మేడం" అంది. వాంతికి రాకుండా నిమ్మకాయ పిండిన నీళ్లతో ఇమ్మన్నాను, దాంతో ఇనుము ఇంకా బాగా ఒంటికి పడుతుంది కూడా.

లేచేటప్పుడు గ్రీన్ టీ డబ్బా నా ముందు పెట్టింది. "దీన్ని పారేయల్నా?"

"ఎందుకక్కా? నువ్వు తాగు. చక్కెర లేకుండా పలచగా తాగితే నీకు మంచిదే" అన్నాను. ఆమె డబ్బా వైపు చూసిన చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

మీకు చెప్పదలిచింది

మరుసటి నెల పరీక్షలో రక్తం పెరిగింది, ఆ పై నెల ఇంకా పెరిగింది. అంతా టీ మానడం వల్లేనని నేను ఒట్టేసి చెప్పను. డాక్టరమ్మ నులిపురుగుల మాత్ర కూడా ఇచ్చింది, ఆ నెలల్లో తిండీ బాగా తినింది. కానీ అనంతపురం మాట మళ్లీ రాలేదు. రిపోర్టు పట్టుకుని హేమ నా కిటికీకొచ్చి, "ఇప్పుడు నమ్మినారు మేడం" అంది. రక్తం పెరిగిందన్న సంతోషం కంటే ఆ సంతోషమే ఎక్కువ కనబడింది నాకు.

పిల్లలూ, మందు పనిచెయ్యకపోతే రోగి అబద్ధమాడుతున్నాడని అనుకోవడం మన వృత్తిలో అన్నిటికంటే సులువైన పని. ఆ సులువుకు అలవాటు పడొద్దు. మాత్ర దేనితో మింగుతున్నారు, ఎవరిస్తున్నారు, ఎప్పుడిస్తున్నారు, అడగండి. అడిగితే సరైన జవాబే చెప్తారు, అందుకని చేయించి చూడండి. తప్పు దొరికినప్పుడు దాని వెనక ఎవరి ప్రేమ ఉందో కూడా చూసి మాట్లాడండి. జనం తిడితే తిట్టనివ్వండి.

కాన్పు రోజు

హేమకు ధర్మవరంలోనే కాన్పయింది. మధ్యాహ్నం, కిటికీ ముందు జనం పలచబడిన వేళ. మగపిల్లాడు. రక్తం ఎక్కించాల్సిన పనే పడలేదు. నర్సు వచ్చి చెప్పగానే కిటికీ మూసేసి వార్డుకు పరుగెత్తాను. గుమ్మం బయట చౌడమ్మ గోడకానుకుని నిలబడింది, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. బిడ్డను చూశావా అంటే తలూపింది.

హేమ మంచం మీద నీరసంగా పడుకుని ఉంది. నన్ను చూసి చెయ్యి చాచింది. వంగి, "ఏం కావాలమ్మా?" అన్నాను.

"నాకేం వద్దు మేడం. మా అత్తకు టీ తాపించండి."

"టీనా?"

"మీరు ఇంటికొచ్చిపోయినప్పటినుంచి ఆమె టీ నోట్లో పోసుకోలేదు. ఇంట్లో కాంచేదే మానేసింది. తలనొప్పితో పడుకుంటాది గానీ తాగదు. మా ఆయన కూడా హోటల్లోనే తాగుతాండాడు. నేను చెప్తే వినలేదు. మీరు చెప్తే వింటాది."

ఊరంతటికీ చక్కెర తగ్గించమని చెప్పిన మనిషిని, ఆ రోజు గేటు దగ్గరి టీ బంకుకు నేనే పోయాను. పాలు చిక్కగా పోయించి, చక్కెర దండిగా వేయించి తెచ్చాను. చౌడమ్మ చేతిలో గ్లాసు పెట్టాను. ఆమె నోటి దాకా తెచ్చుకుంది. అక్కడే ఆపేసింది. వార్డులో మంచం వైపు చూసింది, మళ్లీ నా వైపు తిరిగింది.

"నేను తాగితే హేమకేం కాదు కదా మేడం?"

"ఏమీ కాదక్కా. తాగు" అన్నాను.